బొబ్బర్లు కప్పుకున్న చేను

ఆ ఏడు మా అత్త కలుపుకు పోలేదు.

ఇది ఎంత పెద్ద మాటో బొంబాయిలో గదికో కాపురం ఉండే మా చాల్ వాళ్లకు తప్ప వేరేవాళ్లకు అర్థం కాదు. మిరుగం కార్తె దాటి ఊళ్లో వాన పడిందన్న కబురు రాగానే కామాఠిపురాలో మా గల్లీ ఆడవాళ్లు సగం మంది సిమెంటు మోసే గమేలాలు బోర్లించి పాలమూరు దారి పట్టేవాళ్లు. అక్కడ ఆముదం చేలల్లో కలుపు తీసి దసరా తర్వాత తిరిగి వచ్చేవాళ్లు. మగవాళ్లు ఇక్కడే ఉండి గోడలు కట్టేవాళ్లు. కలుపు ఆడవాళ్ల పని. ఏ దేవుడు రాసిపెట్టాడో తెలియదు కానీ, దేవుడి తక్కిన మాటలు మరిచినా మా మగవాళ్లు ఈ ఒక్క మాట మాత్రం ఎన్నడూ తప్పలేదు.

మా అత్త పోచమ్మ అట్లా ఇరవై రెండేళ్లు వరసగా పోయింది. ఎనభై ఎనిమిదో సంవత్సరం మే నెలలో, సిమెంటు మాలు నిండిన గమేలా నెత్తిన పెట్టుకుని పరంజా బల్ల ఎక్కుతుంటే కాలు జారి కింద పడింది. మోకాలి కింద ఎముక రెండు చోట్ల విరిగింది. తొడదాకా కట్టు వేసి, సెప్టెంబరు దాకా ఆ కాలు నేలకు ఆనించవద్దన్నారు డాక్టర్లు.

"బతుకంత సిమెంటు మోస్తి. ఆఖరుకు నాకే సిమెంటు పెట్టిన్రు" అంది అత్త, ఇంటికి వచ్చాక. అంతకు మించి దాని గురించి ఏడ్వలేదు.

ఏడ్పు వచ్చింది జూన్‌లో, సాయిలు ఉత్తరంతో. సాయిలు నా మరిది, ఊళ్లో ఉండి రెండున్నర ఎకరాల చేను చూసుకునేవాడు. అంతకు ముందు మూడేళ్లూ కరువు. విత్తనం వేయడం, అది ఎండిపోవడం, అంతే. ఈసారి వాన పడేటట్టుందని రాశాడు. కానీ తన పెళ్లాం బాలింత, నెల కూడా నిండలేదు. అందరి చేలల్లో ఒక్కసారే కలుపు మొలుస్తుంది కాబట్టి కూలికి మనిషి దొరకదు. 'అవ్వ రాకుంటే నేనొక్కణ్ణి ఏం జెయ్యలేను. ఈసారి గూడ చేను పాడైతే కౌలుకిచ్చి నేనూ బొంబాయి వస్త' అని ఉత్తరం ముగించాడు.

చదివింది నేనే. మున్సిపాలిటీ తెలుగు బడిలో ఏడు దాకా చదివాను కాబట్టి ఇంట్లో ఉత్తరాల పని నాది. కౌలు అన్న మాట దగ్గర అత్త ముఖం గోడవైపు తిప్పుకుంది. కౌలుకు ఇచ్చి బొంబాయి వచ్చిన ఇళ్లు మా చాల్‌లో ఏడెనిమిది ఉన్నాయి. వాళ్లలో చేను మళ్లీ చేతికి వచ్చిన ఇల్లు ఒక్కటీ లేదు.

"నేను పోతా అత్తా" అన్నాను.

"నువ్వా?" అంది అత్త, కళ్లు తుడుచుకుని. "నువ్వు గడ్డి ఉంచి ఆముదం పీకుతవు."

నిజమే. నేను కామాఠిపురాలో పుట్టాను. మా తాత ఈ ఊరికి రాళ్లు మోయడానికి వచ్చాడు. నాకు తెలిసిన చెట్లల్లా పాత గోడల పగుళ్లలో మొలిచే రావి మొక్కలే. పైగా నేను పోతే అత్తను వరండా గ్యాలరీ చివర మరుగుదొడ్డిదాకా ఎత్తుకుపోయే మనిషి లేదు. నా భర్త నర్సింహులు పొద్దున్నే కూలీలు నిలబడే నాకా మీదికి పోతే దీపాలవేళకు వచ్చేవాడు.

మర్నాడు పొద్దున అత్తను గ్యాలరీలో చాప మీద కూర్చోబెట్టి జడ వేస్తున్నాను. కింద, మా చాల్ వెనకాల, రెండేళ్ల కింద కూలిపోయిన ఇంకో చాల్ జాగా ఖాళీగా ఉండేది. అప్పుడే రెండు వానలు పడ్డాయి. ఇటుక ముక్కల మధ్య అప్పుడే పచ్చగా ఏవేవో లేస్తున్నాయి. అత్త చాలాసేపు దానివైపే చూసింది.

"మంగళా, ఖాళీ ఉంటేనే గడ్డి మొలుస్తది" అంది.

"అందరికీ తెలిసిందే కదా."

"తెలుసుడు వేరు, చూసుడు వేరు." ఎవరికీ చెప్పని సంగతి ఒకటి చెప్పింది. తాను కొత్తగా కాపురానికి వచ్చిన ఏడు మామ భుజం మీద బొబ్బర్ల మూట చిరిగి, ఆముదం సాళ్ల నడుమ మూడు మంచాలంత జాగాలో బొబ్బర్లు ఒత్తుగా రాలాయట. చేనంతా కలుపు తీశారు కానీ ఆ జాగాలో ఎవరూ వంగలేదట. "తీయనీకి ఏం లేకుండె. బొబ్బర్లు భూమిని కప్పినయి. గడ్డికి ఎండ కనబడలే. ఎండ లేంది గడ్డి ఎట్ల మొలుస్తది?"

"మరి తర్వాత ఏడు అట్లనే ఎందుకు వేయలేదు?"

"మామ సాలుకు సాలుకు నడుమ ఎడ్ల గుంటుక తిరగాలె అనెటోడు."

"నువ్వు చెప్పాల్సింది."

"ఎవలడిగిన్రు?"

నేను జడ వేయడం ఆపేశాను. ఇరవై రెండేళ్లు ఈ మనిషి తన నడుము విరగ్గొట్టుకునే పనికి మందు తెలిసి కూడా, అడిగినవాళ్లు లేక నోరు మూసుకుని వంగుతూనే ఉంది. నాకు కోపం వచ్చింది, ఎవరి మీదనో తెలియలేదు.

ఆ పూటే కార్డు రాశాను. ఆముదం సాళ్లు ఎప్పటిలాగే రెండు మూరల ఎడంతో వేయాలి. నడుమ ఖాళీ అంతా బొబ్బర్లు ఒత్తుగా చల్లాలి. గుంటుక తిప్పవద్దు. చదివి వినిపిస్తే అత్త తల ఊపింది. ఊపి, నర్సింహులు రాగానే ఇంకో మాట అంది. "నాకు గీడ గూడ ఒక మడి కావాలె."

"ఏం మడి?" అన్నాడు ఆయన.

"ఆడ చేన్ల ఏమైతుందో ఈడ కండ్లకు కనబడాలె. ఉత్తరం వచ్చెటాళ్లకు వారం. చూడందే నేనేం చెప్పాలె వానికి?"

నా భర్త తల్లి మాటకు ఎదురు చెప్పే రకం కాదు. పునాదులు తవ్విన చోటి నుంచి రోజూ రెండు గోనెల మట్టి మోసుకొచ్చాడు. చాల్ వెనక ఖాళీ జాగాలో ఇటుక ముక్కలు ఏరి, మూడు చాపలంత మడి కట్టి, పనికి వాడే టేపుతోనే సాళ్లు కొలిచాడు. మేస్త్రి కట్టిన మడి కాబట్టి గట్లు గోడల్లా తిన్నగా వచ్చాయి. అత్త డబ్బాలో దాచుకున్న గింజలు ఇచ్చి పైనుంచి చెబుతుంటే నేను విత్తాను. పక్క ఖోలీ గదిలో ఉండే గంగాబాయి కటకటాల మీద మోచేతులు ఆనించి చూస్తూ నవ్వింది. ఆమెది మూడు తరాల బొంబాయి.

"ఏ చెట్టూ లేనిచోట ఆముదం చెట్టే మహావృక్షం అన్నట్టు, ఇగ మనకు ఎండకాలం ఫికర్ లేదు పోచవ్వా. నీ చెట్టు కిందనే పండుకుంటం."

"పండుకో. నీకు జాగా ఉంచుత" అంది అత్త.

వారం తిరక్కముందే మట్టి చీల్చుకుని ఆకులు వచ్చాయి. నేను చప్పట్లు కొట్టి అత్తను పిలిచాను. ఆమె పైనుంచి తొంగి చూసి, అది పాయిల కూర, కలుపు, అంది. ఆ పక్కన మెడ వంచుకుని లేస్తున్నవి బొబ్బర్లు. అసలు ఆముదం ఇంకా రానే లేదు. మూడు రోజులకు అదీ వచ్చింది. చచ్చిన పురుగులా కనిపించే ఆ మచ్చల గింజ నెత్తిన మట్టి ఎత్తుకుని, రెండు దళసరి ఆకులు విప్పి నిలబడింది. నేను నిజంగా అక్కడే గొంతుక్కూర్చున్నాను. నాకు ఇరవై మూడేళ్లు. అప్పటిదాకా ఒక గింజ మొలవడం చూడలేదు. నా చేతి మీది మట్టి కడుక్కోవడానికి కూడా మనసు ఒప్పలేదు ఆ పూట.

జులై వచ్చేసరికి బొబ్బర్లు మడిని కప్పేశాయి. మట్టి కనబడాలంటే చేత్తో తోసి చూడాలి. చుట్టూ ఇటుకల్లో గడ్డి మోకాలెత్తు లేచింది. మడిలో మాత్రం నేను మొదట్లో పీకిన పాయిల కూర తప్ప మళ్లీ ఏదీ లేవలేదు. పనికి పోయేవాళ్లు కూడా ఆగి చూసి పోవడం మొదలుపెట్టారు. గంగాబాయి వేళాకోళం మానేసింది.

అప్పుడు మేక వచ్చింది.

కింద పరుపులు కుట్టే ఖాదర్‌భాయ్ బక్రీద్ కోసం నాగ్‌పాడా నుంచి మేకను తెచ్చి గుంజకు కట్టాడు. ఒక మధ్యాహ్నం అది తాడు తెంపుకుంది. నేను నీళ్లకు పోయి వచ్చేసరికి అత్త గ్యాలరీలోంచి గొంతు చించుకుంటోంది. మేక మడి మధ్యలో నిలబడి తీరుబాటుగా నములుతోంది. ఒక మూల బొబ్బర్లను వేళ్లతో సహా లాగి తినేసింది. నడుమ సాళ్లలో లేత కొనలు మాత్రం కొరికింది. ఈ చివర ముట్టుకోనేలేదు. ఆముదం ఆకుల జోలికి అసలు పోలేదు.

ఖాదర్‌భాయ్ పరుగెత్తుకొచ్చి పైకి చూసి చేతులు జోడించాడు. "మాఫ్ కరో అమ్మా. జాన్వర్ హై." ఆ సాయంత్రమే మేకను రోడ్డువైపు కట్టేశాడు.  రాత్రి అన్నం ముందు పెడితే అత్త రెండు ముద్దలు తిని పక్కకు జరిపింది. నేను తినలేదు. చేను చూడలేని మనిషికి కళ్ల ముందు ఉన్న ఆ కాస్త చేనూ పోయిందనిపించింది నాకు.

బక్రీద్ అయిన వారానికి సాయిలు రెండో ఉత్తరం వచ్చింది. ఈసారి రెండు పేజీలు. బొబ్బర్లు ఒత్తుగా మొలిచాయి, కలుపు లేదు, అంతవరకు నిజమే. కానీ ఇప్పుడు తీగలు ఆముదం మీదికి ఎక్కుతున్నాయి. ఆముదం పసుపు పచ్చగా అవుతోంది. ఊరంతా నవ్వుతోంది. కలుపు తీయనివాడు కోత కోయడని పెద్దలు తిడుతున్నారు. 'వచ్చే సోమవారం బొబ్బర్లన్ని పీకేస్త. చేతికొచ్చినంత ఆముదమన్న దక్కించుకుంట. నువ్వు కోపం జెయ్యకు అవ్వా.'

ఉత్తరం చదివిన రోజు గురువారం.

పీకేస్తే భూమి బోసిపోతుంది, వానలు ఇంకా ఉన్నాయి, కలుపు ఒక్కసారిగా లేస్తుంది, తీసే చేతులు లేవు. పీకకపోతే బొబ్బర్లే ఆముదాన్ని మింగుతాయి. ఎటు పోయినా కౌలే. ఇదంతా అత్త నాకు విడమరచి చెప్పలేదు. ఆమె ముఖం చూస్తే నాకే తెలిసింది. ఆ రెండు నెలల్లో నేనూ కాస్త నేర్చుకున్నాను.

"నన్ను కిందికి దించున్రి" అంది.

నర్సింహులు, ఖాదర్‌భాయ్ ఇద్దరూ కలిసి ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి ఆ ఇరుకు మెట్ల మీదుగా దించారు. ప్రతి మలుపులో కట్టు కాలు ముందు, మనిషి వెనక. ఖాదర్‌భాయ్ అయితే పెళ్లికూతురి పల్లకీ మోస్తున్నంత జాగ్రత్తగా నడిచాడు. మడి గట్టు పక్కన కుర్చీ వేశారు. వాన ఆగి ఎండ పొడ వస్తోంది. మే తర్వాత ఆమె మట్టికి అంత దగ్గరగా రావడం అదే మొదలు.

"ఆ మూల చూపియ్యి" అంది.

మేక వేళ్లతో తినేసిన మూల. అక్కడ తుంగ, గరిక, పాయిల కూర కలిసి మూరెడు లేచాయి. వాటి నడుమ ఆముదం మొక్క వెతికితే గానీ దొరకలేదు.

"ఈ కొస."

మేక ముట్టని చివర. బొబ్బర్లు ఆముదం నడుము దాకా ఎక్కి చుట్టుకున్నాయి. కలుపు లేదు కానీ ఆముదం బక్కచిక్కి, ఆకులు వెలిసిపోయి ఉన్నాయి. సాయిలు రాసినట్టే ఉంది.

 తర్వాత అత్త నడుమ సాళ్లు చూపించమంది. మేక కొనలు కొరికి వదిలేసిన చోటు. పైనుంచి రోజూ చూస్తూనే ఉన్నా నేను దీన్ని ఇట్లా చూడలేదు. కొన తెగిన బొబ్బర్లు పైకి పాకడం మాని పక్కలకు కొమ్మలు వేశాయి. మోకాలి కంటే కిందే ఉండి నేలంతా కప్పాయి. వాటి మీద ఆముదం మొక్కలు నా నడుము దాటి, ముదురాకుపచ్చని ఆకులు అరచేతుల్లా చాపుకుని నిలబడ్డాయి. నేను తీగలు ఎత్తి చూశాను. కింద మట్టి తడిగా, నల్లగా, శుభ్రంగా ఉంది. ఒక్క గడ్డిపోచ లేదు.

మూడు చాపలంత నేల. ఒకే మట్టి, ఒకే వాన, ఒకే రోజు వేసిన విత్తనం. ఒక మూగ జీవి ఆకలికొద్దీ చేసిన పని మూడు రకాలుగా మా ముందు పరిచి ఉంది. నా ఒళ్లు జలదరించింది. గుళ్లో కూడా నాకెప్పుడూ అట్లా కాలేదు.

అత్త కుర్చీలోంచి వంగి ఒక తీగ కొన అందుకుని, గోటితో పుటుక్కున తుంచింది. తెగిన చోటు చూసింది.

"పీకొద్దని చెప్పాలె. కొనలు తుంచాలె. తీగ ఆముదం మీదికి పోకుంట తుంచాలె" అంది.

"తప్పయితే?" అన్నాడు నర్సింహులు.

"తప్పయితే నాది."

ఉత్తరం సోమవారానికి అందదు. అందుకని నేను నాగ్‌పాడా పోస్టాఫీసుకు పోయి టెలిగ్రాం ఇచ్చాను. నేను మరాఠీలో చెబితే గుమాస్తా ఇంగ్లీషులో రాసుకుంటూ రెండుసార్లు అడిగాడు, ఇదేనా సందేశం అని. ఇదే అన్నాను. బొబ్బర్లు పీకవద్దు, కొనలు తుంచు, ఆముదం మీద ఎక్కనీయకు, అమ్మ. పదిహేను పదాల లోపే.

ఒక సంగతి మేం ఎవ్వరం ఆలోచించలేదు. మా ఊరికి బొంబాయి నుంచి టెలిగ్రాం వచ్చిందంటే ఒక్కటే అర్థం.

తర్వాత సాయిలు రాసిన ఉత్తరంలో అదంతా ఉంది. శనివారం పోస్టుమ్యాన్ ఆ కాగితం పట్టుకుని వాకిట్లోకి రాగానే నా తోటికోడలు బిడ్డను ఒళ్లోంచి దించి శోకం ఎత్తుకుంది. సాయిలు గోడకు ఆనుకుని కూలబడ్డాడు. కాలు విరిగిన ముసలి మనిషి, ఇంకేం కబురుంటుంది? పది నిమిషాల్లో వాడకట్టు ఆడవాళ్లందరూ చేరి మా అత్త గుణగణాలు తలచుకుని ఏడ్చారు. నవ్విన పెద్దలు కూడా వచ్చి తలగుడ్డలు తీసి నిలబడ్డారు. బడిపంతులును పిలిపించి చదివిస్తే ఆయన ఒకసారి మనసులో చదువుకుని, మళ్లీ చదువుకుని, ఈమె బతికే ఉంది, బొబ్బర్ల కొనలు తుంచమంటోంది, అన్నాడట.

కాసేపు ఎవరికీ ఏం చేయాలో తోచలేదట. ఏడ్చిన కళ్లతో ఇళ్లకు పోలేరు, నవ్వడానికీ నోరు రాదు. అప్పుడు ఒక ముసలామె కొంగు బిగించి, 'చచ్చిందనుకున్న మనిషి నోరు తెరిచి ఒక పని అడిగింది. చెయ్యకుంటే ఎట్ల' అని చేను దారి పట్టింది. వచ్చినవాళ్లు వచ్చినట్టే వెనక నడిచారు. తమ చేలల్లో కలుపు వదిలిపెట్టి, ఆ ఆడవాళ్లంతా ఒక్క పూటలో రెండున్నర ఎకరాల కొనలు తుంచారు. తుంచిన లేత ఆకులు ఒళ్లో నింపుకుని కూరకు తీసుకుపోయారు.

ఈ ఉత్తరం గ్యాలరీలో చదువుతుంటే గంగాబాయి నవ్వు ఆపుకోలేక కటకటాలు పట్టుకుని కూర్చుండిపోయింది. అత్త నవ్వలేదు. "ఎవలెవలు ఏడ్చిన్రట?" అని అడిగి, పేర్లన్నీ రెండుసార్లు చదివించుకుంది.

ఆగస్టులో ఇంకోసారి తుంచారు. వానలు తెరిపి లేకుండా పడ్డాయి. ఆ ఏడు మా చాల్ ఆడవాళ్లు ఊళ్లో మూడేసి సార్లు కలుపు తీశారని కబుర్లు వచ్చాయి. మా చేనిలో కలుపు కొడవలి పెట్టలేదని కూడా వాళ్లే చెప్పారు. నేను నమ్మాను కానీ చూడాలనిపించింది.

సెప్టెంబరులో కట్టు తీశారు. దసరా ముందు అత్త కర్రపట్టి నడవగలిగింది. పని లేకపోయినా ఊరికి పోదామంది. పెళ్లయి నాలుగేళ్లయినా నేను ఆ చేను చూడలేదు. ముగ్గురం పోయాం.

బస్సు దిగి పొలాల మధ్య బాటలో ఆమె వెనక నేను నడిచాను. అటూ ఇటూ చేలల్లో ఆడవాళ్లు ఇంకా వంగే ఉన్నారు. మమ్మల్ని చూసి నడుములు పట్టుకుని లేచి పలకరించారు. సాయిలు గట్టు మీద నిలబడి ఎదురుచూస్తున్నాడు. పక్కకు జరిగి మాకు దారి ఇచ్చాడు.

ఏం చెప్పను? మూడు చాపల మడి చూసి గుండె ఆగినంత పనైన దాన్ని నేను. అది ఇక్కడ ఆ చివరి గట్టు దాకా ఉంది. ఆముదం తలెత్తు పెరిగి ప్రతి మొక్కకూ ముళ్ల కాయల గెలలు వేసింది. కింద బొబ్బర్లు కాయలు ఇచ్చేసి, ఎండి, పరుపులా నేలకు పరుచుకున్నాయి. గాలి వస్తే పైన ఆకులన్నీ ఒక్కసారే కదిలాయి. ఇంతటిది ఒక గ్యాలరీలో చాప మీద కూర్చున్న మనిషి తలలోంచి వచ్చిందంటే నాకు నమ్మశక్యం కాలేదు. ఆమె పక్కన నిలబడడానికే భయమేసి ఒకడుగు వెనక్కి వేశాను.

అత్త అలవాటు కొద్దీ చీర కుచ్చెళ్లు ఎగదోపింది. కిందికి చూసింది. చేతికి పని దొరకలేదు. దోపిన కుచ్చెళ్లు మెల్లగా వదిలేసి, కర్ర మీద రెండు చేతులూ ఆనించి, తలెత్తి చేనును చూసింది. ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా చూసింది. మళ్లీ ఆ గట్టు నుంచి ఈ గట్టు దాకా చూసింది. ఏదో అనుమానం వచ్చినట్టు సాయిలు వైపు తిరిగింది.

"హద్దు రాళ్లు ఏమన్న జరిపినవారా?"

"లేదవ్వా. ఎందుకు?"

"ఎన్నడు నిలబడి చూడలే నేను" అంది. "గింత పెద్దగుంటదా మన చేను?"